ఇంటికి తెలివి నేర్పడం

అమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తున్నప్పుడు ఇస్త్రీ పెట్టె మీద ఉన్న చిన్న దీపాన్ని ఎప్పుడైనా గమనించారా? పెట్టె తగినంత వేడెక్కగానే ఆ దీపం ఆరిపోతుంది. కొంత చల్లారగానే మళ్లీ వెలుగుతుంది. ఎవరూ స్విచ్చి ముట్టుకోలేదు. మరి ఈ పని చేసిందెవరు?

పెట్టె లోపల రెండు వేర్వేరు లోహాలను అతికించిన పలుచని రేకు ఒకటి ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువగా, మరొకటి తక్కువగా వ్యాకోచిస్తుంది. అందుచేత రేకు వంగి విద్యుత్తు దారిని తెంపుతుంది. చల్లారితే తిరిగి నిటారుగా వచ్చి దారిని కలుపుతుంది. మనిషి చేయి పడకుండా ఇలా తనంతట తాను నడిచే ఏర్పాటును స్వయంచాలక వ్యవస్థ అంటారు. ఒక్క ఇస్త్రీ పెట్టెకే కాదు, ఇల్లు మొత్తానికీ ఇటువంటి తెలివి నేర్పవచ్చు. ఎలా నేర్పుతారో చూడడానికి మనం నజ్రాన్ వెళదాం.

నజ్రాన్ సౌదీ అరేబియా దేశానికి దక్షిణాన, యెమెన్ సరిహద్దు దగ్గర ఉన్న పట్టణం. సముద్ర మట్టానికి దాదాపు 1,300 మీటర్ల ఎత్తున, కొండల నడుమ లోయలో ఉంది. ఖర్జూర తోటలకూ, మట్టి మేడలకూ ఆ ఊరు పేరు పొందింది. ఆ మేడలు కట్టేవారు ఒక వరుస మట్టి వేసి, అది ఆరేదాకా ఆగి, ఆ తరువాతే పై వరుస వేస్తారు. పగటి ఎండ ఆ మందపు గోడలను దాటి లోపలికి రావడానికి చాలా గంటలు పడుతుంది. అది వచ్చేసరికి రాత్రి చల్లదనం మొదలవుతుంది. తీగ లేదు, మీట లేదు; గోడే ఇంటిని కాపాడుతుంది! 1688లో కట్టినదని చెప్పే అల్ ఆన్ కోట ఇప్పటికీ అక్కడ నిలిచి ఉంది.

ఇప్పుడు అక్కడ సిమెంటు ఇళ్లు పెరిగాయి. వాటికి ఏసీలు కావాలి. అటువంటి ఇంటి యజమాని ఒకరు తన ఇంటిని స్వయంచాలకంగా మార్చాలనుకున్నారనుకుందాం. ఆ పనిని జగిత్యాల నుంచి వెళ్లిన ఒక ఎలక్ట్రీషియన్‌కు అప్పగించారనుకుందాం. జగిత్యాల, నిజామాబాదు, కడప వంటి జిల్లాల నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లారు. మీ బంధువుల్లోనూ అటువంటివారు ఉండవచ్చు. మన ఎలక్ట్రీషియన్ ముందుగా ఏం చేస్తాడు? సుత్తి తీస్తాడా? లేదు. కాగితం, పెన్సిలు తీస్తాడు.

అతడు గది గదికీ తిరిగి ఇంటివారిని ఒకే ప్రశ్న అడుగుతాడు: “ఇక్కడ మీకున్న ఇబ్బంది ఏమిటి?” రాత్రి లేచిన అవ్వ చీకట్లో స్విచ్చి కోసం గోడ తడుముకుంటున్నది. చుట్టాలు వెళ్లిపోయినా మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, ఏసీ నడుస్తూనే ఉంటున్నది. మోటారు కట్టడం మరచిపోతే డాబా మీది ట్యాంకు పొంగి నీళ్లు వృథా అవుతున్నాయి. ఈ మూడూ కాగితం మీదికి ఎక్కాయి. ఇబ్బంది ఏమిటో తెలియకుండా పరికరాలు కొనడం, జబ్బు తెలియకుండా మందు మింగడం వంటిది.

ప్రతి ఇబ్బందికీ ఎదురుగా అతడు మూడు గడులు గీస్తాడు. మనకు కన్ను, మెదడు, చేయి ఉన్నట్లే స్వయంచాలక వ్యవస్థకూ మూడు భాగాలు ఉంటాయి. జరుగుతున్నదాన్ని పసిగట్టే సెన్సరు కన్ను వంటిది. ఏం చేయాలో నిర్ణయించే నియంత్రకం మెదడు వంటిది. విద్యుత్తును కలిపే, తెంపే రిలే చేయి వంటిది. ట్యాంకు సంగతే చూడండి. నీటి మట్టాన్ని తెలిపే ఫ్లోటు కన్ను. “నిండింది, ఇక చాలు” అనేది మెదడు. మోటారును ఆపే రిలే చేయి.

ఇక అవ్వ గది. అక్కడ మనిషి కదలికను పసిగట్టే సెన్సరు పెట్టాలి. మన శరీరం వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వెదజల్లుతుంది. సెన్సరు ఆ కిరణాలలో వచ్చే మార్పును గుర్తిస్తుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. మన శరీరపు వేడి దాదాపు 37 డిగ్రీలు. ఎండాకాలంలో పడమటి గోడ కూడా అంత వేడెక్కితే, మనిషికీ గోడకూ తేడా సెన్సరుకు సరిగా తెలియదు. అందువల్ల దానిని ఎండ పడే గోడకు గాని, ఏసీ గాలికి గాని ఎదురుగా పెట్టరు.

ఈ మూడు భాగాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి కదా! 1975లో స్కాట్లాండులోని ఒక సంస్థ, ఇంట్లో ఉన్న విద్యుత్తు తీగల మీదుగానే సంకేతాలు పంపే ఎక్స్-10 అనే పద్ధతిని రూపొందించింది. నేడు చాలా పరికరాలు తీగ లేకుండా రేడియో తరంగాలతో మాట్లాడుకుంటున్నాయి. అయితే సిమెంటులోని ఇనుప చువ్వలూ, మందపు మట్టి గోడలూ ఆ తరంగాలను బలహీనపరుస్తాయి. కాబట్టి ఏ గదిలో సంకేతం అందుతుందో ముందే పరీక్షించి చూసుకోవాలి.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయం చెప్పుకుందాం. మన దేశంలో ఇంటికి వచ్చే రెండు తీగలలో ఒకటి ఫేజు, మరొకటి న్యూట్రల్. వాటి మధ్య 230 వోల్టులు ఉంటాయి. ఫేజు తీగను స్విచ్చితో తెంపితే పరికరానికి విద్యుత్తు అందదు. కాని సౌదీలోని పాత ఇళ్లలో పద్ధతి వేరు. అక్కడ ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 127 వోల్టులే ఉంటాయి. ఏసీకి 220 వోల్టులు కావాలి కనుక దానికి రెండు ఫేజు తీగలు ఇస్తారు. అంటే రెండు తీగలలోనూ ప్రమాదకరమైన విద్యుత్తు ఉంటుందన్నమాట! ఒక తీగను తెంపి “ఆగిపోయింది” అనుకుని రెండో తీగను ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. ఊళ్లో ఎన్నేళ్లు పని నేర్చినా, ఈ తేడా తెలియనివాడికి ఆ అనుభవమే శత్రువవుతుంది. సరఫరాను క్రమంగా 230 వోల్టుల పద్ధతికి మార్చాలని సౌదీ ప్రభుత్వం 2010లో నిర్ణయించింది. కాబట్టి ఏ ఇంట్లో ఏ పద్ధతి ఉన్నదో కొలిచి తెలుసుకోవలసిందే. మన ఎలక్ట్రీషియన్ రెండు తీగలనూ ఒకేసారి తెంపే బ్రేకరును దించుతాడు. రెండింటినీ మీటరుతో పరీక్షిస్తాడు. ఆ తరువాతే చేయి పెడతాడు.

ఒక చిన్న లెక్క కూడా ఉంది. వాట్లను వోల్టులతో భాగిస్తే సుమారుగా ఆంపియర్లు వస్తాయి. ఏసీ 2,200 వాట్లు తీసుకుంటే 220తో భాగించండి: 10 ఆంపియర్లు. మామూలు ఏసీ మోటారు మొదలయ్యే క్షణంలో దీనికి కొన్ని రెట్లు లాగుతుంది. “10 ఆంపియర్లు” అని రాసి ఉన్న చిన్న రిలేను దానికి తగిలిస్తే కాలిపోతుంది. అందుకే పెద్ద బరువును మోయగల కాంటాక్టరును పెట్టి, చిన్న రిలే చేత దానిని నడిపిస్తారు. పసివాడు తలుపు తీయమని చెప్పగలడు. బరువైన తలుపును పెద్దవాడే తోయాలి!

పథకం పూర్తయింది. అన్నీ ఒకేసారి బిగించవచ్చునా? వద్దు. మట్టి మేడ కట్టేవారిని తలచుకోండి. కింది వరుస ఆరనిదే పై వరుస వేయరు. ముందు ట్యాంకు పని పూర్తి చేసి, వారం రోజులు గమనించాలి. ఆ తరువాత అవ్వ గది. ఆ తరువాత మజ్లిస్. ఏ తీగ ఎక్కడికి పోతుందో చీటీ అంటించి, పటం గీసి బ్రేకరు పెట్టె తలుపు లోపల అతికించాలి. అతడు స్వదేశానికి తిరిగి వెళ్లిన తరువాత మరమ్మతు చేసే మరొకరి ప్రాణాన్ని ఆ పటమే కాపాడుతుంది.

చివరిగా, పాత స్విచ్చిని తీసివేయకూడదు. సెన్సరు చెడిపోవచ్చు, మెదడు వంటి నియంత్రకం మొరాయించవచ్చు. అప్పుడు అవ్వ గోడ మీది మీట నొక్కితే దీపం వెలగాలి. మనిషి మాటకు చోటివ్వని ఇల్లు ఎంత తెలివైనదైనా మంచి ఇల్లు కాదు.

ఆలోచించండి

1. మీ ఇంట్లో తమంతట తాము ఆగి, తిరిగి మొదలయ్యే వస్తువులు ఏవి? వాటి జాబితా రాయండి.
2. వాటిలో ఒకదానికి కన్ను, మెదడు, చేయి ఏవో గుర్తించండి.
3. మీ ఇంట్లో పెద్దవారికి ఉన్న ఒక ఇబ్బందిని అడిగి తెలుసుకుని, దానిని తీర్చే పథకాన్ని కాగితం మీద గీయండి. తీగలను మాత్రం ముట్టుకోకండి.