మీకు తెలుసా? పెట్ట కింద 21 రోజులు

జంగారెడ్డిగూడెం పెరళ్లలో నాటుపెట్టను పొదగేస్తే పిల్లలు దిగడానికి 21 రోజులు పడుతుంది. బాతుగుడ్లకైతే 28. ఆ రోజుల్లో పెట్ట మేతకు, నీళ్లకు తప్ప గంప దిగదు. ముక్కుతో గుడ్లను రోజుకు ఎన్నోసార్లు దొర్లిస్తుంది. కదలకపోతే లోపలి పిండం పెంకుకు అతుక్కుపోతుంది. ఇంక్యుబేటరూ గుడ్లను ఇలాగే దొర్లిస్తుంది, సుమారు 37.5 డిగ్రీల వేడిలో. ఏడో రోజు చీకట్లో గుడ్డును టార్చికి అడ్డుపెట్టి చూడండి: పిండముంటే ఎర్రని నరాలు కనిపిస్తాయి. పెంకు పగలకముందే పిల్ల లోపలి నుంచి కూస్తుంది, తల్లి బదులిస్తుంది. ఎంత అద్భుతం!

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా కోళ్లు సాధారణంగా పొదగవు. ఇంక్యుబేటర్ లేకపోతే వాటి గుడ్లకూ నాటుపెట్టే కావాలి. అందుకే బాగా పొదిగే పెట్టను కూరకు ఇవ్వకండి.