సమస్య ఉన్నవాణ్ని పంపిస్తామండీ

"మావాళ్లకి కాదండీ, తెలిసినవాళ్లకి కావాలి." సైకాలజిస్టు దగ్గర ఫోను ఎత్తే ఉద్యోగంలో నేను ఎక్కువగా వినే మొదటి మాట ఇదే. విజయవాడ సూర్యారావుపేటలో ఏ వీధి చూసినా ఆసుపత్రులే. గుండెకీ కంటికీ మోకాలికీ వచ్చేవాళ్లు బోర్డు చూసుకుని నేరుగా మెట్లెక్కేస్తారు. మా మెట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం, తెలిసినవాళ్లెవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి అటూ ఇటూ చూస్తారు. ఆ 'తెలిసినవాళ్లు' ఎవరో నేను అడగను. ఎప్పుడు రాగలరు, ఎవరెవరు వస్తారు అన్న రెండు ప్రశ్నలే అడుగుతాను.

చిక్కంతా రెండో ప్రశ్నతోనే. "ఎవరెవరు ఏమిటండీ, సమస్య ఉన్నవాణ్ని పంపిస్తాం" అంటారు. ఆ సమస్య ఇంటర్ చదివే కొడుకు కావచ్చు, తాగుడు మానని భర్త కావచ్చు, పెళ్లయిన ఆరు నెలలకే పుట్టింటికొచ్చేసిన కూతురు కావచ్చు. మిక్సీ రిపేరుకిచ్చినట్టు మనిషిని ఇచ్చి వెళితే సాయంత్రానికి బాగుచేసి పంపుతారని వాళ్ల ఆశ. ఇంట్లోవాళ్లంతా రావాలని నేను ఎందుకింత పట్టుబడతానో చెప్పాలంటే మా హాల్లో చూసినదే చెప్పాలి.

గది లోపలి మాటలు నాకు తెలియవు, తెలియకూడదు కూడా. మా సైకాలజిస్టు మేడమ్ నోట్సు ఉండే బీరువా తాళం నా దగ్గర ఉండదు. బయట హాల్లో కుర్చీలు మాత్రం నా బల్లకి ఎదురుగానే ఉంటాయి. కొన్ని ఇళ్లలోవి కలిపి, ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను. ఒక చివర తల్లి, ఇంకో చివర తండ్రి, మధ్యలో పదిహేడేళ్ల కుర్రాడు. హాస్టల్ నుంచి వచ్చేశాడు, సరిగ్గా తినడం లేదు, పుస్తకం ముట్టడం లేదు. "నాన్నకి చెప్పరా, బండి ఎండలో పెట్టారని" అంది తల్లి. ఆ మాట తండ్రికి వినబడుతూనే ఉంది. అయినా కొడుకు చెప్పేదాకా ఆగి, "పర్లేదని చెప్పు మీ అమ్మకి" అన్నాడు. కుర్రాడు అదీ చేరవేశాడు. వాడి ముఖంలో విసుగు కూడా లేదు, అంతగా అలవాటైపోయింది.

చదువు పాడైందని వచ్చినవాళ్లు వీళ్లు. తల్లిదండ్రుల మధ్య తెగిపోయిన మాటని పిల్లవాడు మోస్తున్నాడని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. రోజూ చూసేవాళ్లకి అది కనబడదు. ఇంట్లో ఒకరి బాధని ఆ ఇంటి మొత్తం అమరికలోంచి చూడాలన్న ఆలోచనకి బలమిచ్చినవాళ్లలో అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో పనిచేసిన సాల్వడార్ మినూచిన్ ఒకరు. ఆ పద్ధతి మీద ఆయన రాసిన ముఖ్యమైన పుస్తకం 1974లో వచ్చింది. మన దేశం అంతకుముందే మరో తోవలో ఆ పని చేసింది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులకి ఆవరణలోనే గుడారాలు వేయించి, దగ్గరుండి చూసుకోనిచ్చారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఈనాటికీ కుటుంబమంతా వచ్చి ఉండి చికిత్స తీసుకునే విభాగం ఉంది.

మొదటి రోజుల్లో మేడమ్ ఒక తెల్లకాగితం మీద ఇంటి పటం గీస్తారు. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్నా, పోయినవాళ్లకి అందులో ఇంటూ మార్కు, పడనివాళ్ల మధ్య వంకరటింకర గీత. తాతల దాకా మూడు తరాలు వేస్తారు. నాకు అర్థం కావాలని ఒకసారి మా ఇంటిదే గీసి చూపించారు. మా అమ్మకీ పెద్దమ్మకీ మధ్య వంకర గీత పడింది, పొలం తగాదా. ఆ కిందనే నాకూ పెద్దమ్మ కూతురికీ మధ్య కూడా అలాంటి గీతే వచ్చింది. పొలంతో మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకున్నవాళ్లం. ఆ వేళ రాత్రి దానికి ఫోన్ చేశాను.

కుర్రాడి ఇంట్లో ఏం తేలిందో నాకు తెలియదు. కొన్ని వారాలయ్యాక అదే హాల్లో తల్లి "ఏమండీ, పిలుస్తున్నారు, రండి" అంటే తండ్రి లేచి వెళ్లడం చూశాను. కుర్రాడు ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీలో చేరాడు. ఫిజిక్స్ అంటే ఇప్పటికీ పడదు.

అందరూ రావాలన్న మాటకి ఒక మినహాయింపు ఉంది. కొట్టే ఇల్లయితే మేడమ్ భార్యాభర్తల్ని ఒకే గదిలో కూర్చోబెట్టరు. ఇక్కడ నిజం చెప్పినందుకు ఆమె ఇంటికెళ్లాక మళ్లీ దెబ్బలు తినాల్సి రావచ్చు. ముందు ఆమె క్షేమం చూడాలి. 181 మహిళా హెల్ప్‌లైను, ప్రమాదమైతే 112. "మా అమ్మాయికి సర్దుకుపొమ్మని నాలుగు మాటలు చెప్పండి" అని ఫోన్ చేసే తల్లిదండ్రులకి నేను నిష్కర్షగానే చెబుతాను: సర్దుకుపొమ్మని చెప్పడానికి ఇక్కడ ఎవరూ లేరు.

మందులు రాస్తారా అనీ అడుగుతారు. సైకాలజిస్టు రాయరు. మందులు రాసేది ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన సైకియాట్రిస్టు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, లేని మాటలు వినబడుతున్నా, చనిపోవాలనిపిస్తున్నా మేడమ్ ఆలస్యం చేయకుండా అక్కడికి పంపుతారు. ఇద్దరి దగ్గరా చూపించుకునేవాళ్లూ ఉన్నారు. ఇక కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, ఆ నంబరు అడగండి. అడిగినందుకు మంచి సైకాలజిస్టులెవరూ కోప్పడరు. ఫీజు ఎంతో, ఒకసారికి ఎంతసేపో కూడా ముందే అడగండి. మామూలుగా ముప్పావుగంట నుంచి గంట.

"బయటికి తెలియదు కదా" అన్నది అందరి భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలనే చెబుతోంది. ప్రాణానికి ప్రమాదం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. నా వరకు నేను, బీసెంట్ రోడ్డులో ఎదురైనా ముందుగా పలకరించను. వాళ్లు నవ్వితే నవ్వుతాను. ఎలా పరిచయమని పక్కవాళ్లు అడిగితే ఏం చెప్పాలో వాళ్లిష్టం.

రాలేనివాళ్లకి 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళప్పుడు చేసినా డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది.

"ఆయన రానంటే రానంటున్నారండీ, ఇంకెందుకు?" అని ఫోను పెట్టేయబోయేవాళ్లుంటారు. అప్పుడు మీరొక్కరే రండి అంటాను. తెనాలి వైపు నుంచి ఒకావిడ అలాగే వచ్చేది. భర్త తాగి పడుకున్న రోజున ఆఫీసుకి ఫోన్ చేసి "జ్వరమండీ" అని ఏళ్ల తరబడి ఆమే చెబుతూ వచ్చింది. ఇప్పుడు ఆ ఫోను చేయడం మానేశానని, రైలుకి టైముందని హాల్లో కూర్చుని ఆమే చెప్పింది. మొదటి నెల ఇంట్లో పెద్ద గొడవే అయిందట. తర్వాత తన ఫోను తనే చేసుకోవాల్సి వచ్చింది ఆయనకి. తాగుడు మానలేదు, మేడమ్ దగ్గరికీ రాలేదు. కానీ ఆఫీసువాళ్లే సెలవులెందుకని నిలదీశాక, ప్రభుత్వాసుపత్రికి ఒకసారి వెళ్లొచ్చాడట.