హెచ్‌పీవీ టీకా వివాదం: ఖమ్మం బాలికల ఫారాలపై సంతకాలు ఎవరివి? రీసెర్చ్ రూల్స్ ఏం చెబుతున్నాయి?

ఇప్పుడు చాలా వైద్య పరిశోధనలు దేశాలు కలిసి చేస్తున్నవే. డబ్బు ఒక దేశానిది, పాల్గొనే జనం ఇంకో దేశం వాళ్లు. మరి ఆ జనానికి రక్షణ ఏంటి? దీనికి ఖమ్మంలో జరిగిందే పెద్ద పాఠం.

అసలేం జరిగింది?

2009 జులైలో ఉమ్మడి ఏపీలోని ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా ఇది. అమెరికా సంస్థ పాథ్, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే ప్రాజెక్టు నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీన్ని ఆపేసింది.

టీకా వల్లే చనిపోయారా?

కాదనే విచారణ కమిటీ చెప్పింది. పాముకాటు, మలేరియా లాంటి వేరే కారణాలు బయటపడ్డాయి. ఈ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ సిఫారసు చేస్తోంది.

మరి తప్పెక్కడ?

అనుమతి తీసుకున్న తీరులో. ఏపీలోని 9,543 ఫారాల్లో 2,763 వాటిపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 1,948 ఫారాలపై వేలిముద్రలే ఉన్నాయి. చాలామంది తల్లిదండ్రులకు విషయం సరిగా తెలియనే లేదన్నమాట.

ఇది క్లినికల్ ట్రయల్ కాదని పాథ్ వాదించింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ వాదనను తప్పుబట్టింది. ప్రాజెక్టును పర్యవేక్షించాల్సిన ఐసీఎంఆరే అందులో భాగస్వామి కావడాన్నీ గట్టిగా ప్రశ్నించింది.

రూల్స్ ఏంటి?

1964 నాటి హెల్సింకి ప్రకటన వైద్య పరిశోధనకు అంతర్జాతీయ ప్రమాణం. పరిశోధన ప్రయోజనం కంటే మనిషి క్షేమమే ముందు అన్నది దాని సారాంశం. మన దేశంలో 2019 నుంచి కొత్త క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు అమల్లో ఉన్నాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాల్సిందే.

మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి

• ఫారం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి.
• ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా అని అడగండి.
• పిల్లలైతే తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతి తప్పనిసరి. ఏడేళ్లు దాటితే పిల్లల ఇష్టమూ అడగాలి.
• ఎప్పుడైనా తప్పుకోవచ్చు. దానివల్ల మామూలు వైద్యం ఆపకూడదు.

ఎంత పెద్ద సంస్థ వచ్చి అడిగినా, అర్థం కాని కాగితంపై సంతకం పెట్టకండి.