ఏటి నడుమ ఎల్ల

భద్రాచలం పేరు వినగానే మనకు మొదట స్ఫురించేది శ్రీరామచంద్రుని ఆలయం. పదిహేడవ శతాబ్దంలో, తానీషా గోల్కొండను ఏలుతున్న కాలంలో కంచెర్ల గోపన్న నిర్మించిన ఆ కోవెలను గూర్చి తెలియని తెలుగువారు అరుదు. కాని ఆ కోవెల ముంగిట ప్రవహించే గోదావరి ఒకప్పుడు దేశానికే సరిహద్దుగా నిలిచిందన్న సంగతి చాలామంది ఎరుగరు.

ఆలయం నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్నది. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించాడు. 1874లో ఇది మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. దక్షిణపు ఒడ్డు మాత్రం నిజాం ఏలుబడిలోనే ఉండిపోయింది. కనుక ఏరు దాటడమంటే రాజ్యం దాటడమే. 1947 ఆగస్టు 15 మొదలు 1948 సెప్టెంబరు 17 వరకు, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవని ఆ పదమూడు నెలలు, పడవ ఎక్కిన రేవు ఒక దేశానిది, దిగిన రేవు మరొక ప్రభువుది. రెండు ఒడ్లనూ వినిపించినవి మాత్రం అవే తెలుగు, కోయ భాషలు.

1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చినా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే కొనసాగి, 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. 1965లో వంతెన వెలసేదాకా యాత్రికులకు పడవలే శరణ్యం. రైలు నేటికీ ఊరిదాకా రాదు. 'భద్రాచలం రోడ్' అనే స్టేషను ఉన్నది సుమారు నలభై కిలోమీటర్ల దూరాన, కొత్తగూడెంలో! పేరు నమ్మి దిగిన కొత్త యాత్రికుడు కాస్త తెల్లబోక తప్పదు.

2014లో ఎల్ల మళ్లీ కదిలింది. పోలవరం ముంపు ప్రాంతమన్న కారణంగా చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు చెందగా, పట్టణం తెలంగాణలో మిగిలింది. గుడి ఇక్కడ, గుడి మాన్యాలు అక్కడ పురుషోత్తపట్నంలో. పర్ణశాలకు బయలుదేరిన బస్సు ఎటపాక వద్ద ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, తిరిగి తెలంగాణలోకి వస్తుంది. చింతూరు మీదుగా ఇంకా సాగితే ఛత్తీస్‌గఢ్ అడవులు.

వరదకు మాత్రం ఈ ఎల్లలు పట్టవు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగింది. అటువంటి వేళ దారులు మునిగిపోతాయి. ఎటపాక వాసికి తన రాష్ట్రపు జిల్లా కేంద్రం ఎంతో దూరం. దగ్గరి ఆసుపత్రి పొరుగు రాష్ట్రంలోని భద్రాచలంలో ఉన్నది. 2022 వరద తరువాత ఎటపాకతో సహా పట్టణాన్ని ఆనుకొని ఉన్న అయిదు పంచాయతీల ప్రజలు తమను తిరిగి తెలంగాణలో చేర్చమని రోడ్డెక్కి కోరారు.