ఒక ఇల్లు, రెండు నెట్ కనెక్షన్లు: చదువుకునే గదికి వేరే దారి

ఈ పూట ఇంటింటికీ పనికొచ్చే ఒక సాంకేతిక విషయం చెప్పుకుందాం.

దార్సైట్‌లో ఒక ఫ్లాట్ అనుకోండి. హైదరాబాదు నుంచి సాయంత్రం ఆరింటికి పెట్టే ఆన్‌లైన్ పరీక్ష మనకిక్కడ నాలుగున్నరకే మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే చిన్నవాడు బొమ్మల సినిమా పెడతాడు, ఇంకో గదిలో ఎవరిదో ఆఫీసు మీటింగు. పరీక్ష రాసే పిల్ల తెర మధ్యలో ఆగిపోతే ఆ గంట మళ్ళీ రాదు. 2020 మార్చిలో ఒమన్‌లో బడులు మూసేసినప్పటి నుంచి ఈ ఇబ్బంది చాలామందికి అనుభవమే.

ఫైబర్‌తో పాటు సిమ్ కార్డు వేసే ఇంకో రౌటర్ కొన్నామనుకుందాం. రెండూ పక్కపక్కన పెట్టినంత మాత్రాన పని పంచుకోవు. ఎందుకంటే రౌటర్ ప్రతి ప్యాకెట్‌నూ "ఎక్కడికి వెళ్ళాలి?" అనే అడుగుతుంది, "ఎక్కణ్ణుంచి వచ్చావు?" అని అడగదు. బయటికెళ్ళేవన్నీ ఒకే గుమ్మం గుండా పోతాయి. ఆ రెండో ప్రశ్న కూడా అడిగించడమే మన పని. దీన్నే పాలసీ రౌటింగ్ అంటారు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వేసిన రౌటర్లలోనూ, మైక్రోటిక్ రౌటర్లలోనూ ఈ సదుపాయం ఉంది.

ముందుగా రెండు కనెక్షన్ల లోపలి అంకెలు వేరుగా ఉండాలి. రెండు పెట్టెలూ 192.168.1.1 అనే ఉంటే రౌటర్ తికమకపడుతుంది. ఒకదాన్ని మార్చండి.

తరువాత, చదువుకునే గదికి వెళ్ళే కేబుల్ పోర్టును మిగతావాటి నుంచి విడదీసి, 192.168.30తో మొదలయ్యే సొంత నెట్‌వర్క్ ఇవ్వండి. ఆపైన రెండో దారుల పట్టిక ఒకటి రాసి, అందులో బయటికి గుమ్మంగా సిమ్ రౌటర్‌ను చూపించండి. "30 నెట్‌వర్క్ నుంచి వచ్చేవి ఈ పట్టిక చూడాలి" అని ఒక నియమం పెట్టండి. ఇంటి లోపలి దారులు కూడా ఆ పట్టికలో రాయండి, లేకపోతే పిల్లకు హాల్లోని ప్రింటర్ అందదు. సిమ్ వైపు కూడా నాట్ పెట్టాలి. అది లేకపోతే వెళ్ళిన ప్యాకెట్లకు జవాబు తిరిగి రాదు.

పోర్టు అనే మాటకు ఇంకో అర్థముంది. జూమ్ వీడియో ఎక్కువగా యూడీపీ 8801 నుంచి 8810 వరకు ఉన్న పోర్టు నంబర్లు వాడుతుంది. గదితో సంబంధం లేకుండా ఆ నంబర్లను మాత్రమే గుర్తుపట్టి పక్కదారికి పంపొచ్చు. 443తో మాత్రం ఈ పని కుదరదు. దాదాపు అన్ని వెబ్‌సైట్లూ ఆ నంబరు మీదే నడుస్తాయి.

అంతా సరిగ్గా చేసినా పనిచేయకపోతే మూడుచోట్ల చూడండి. వేగం కోసం పెట్టే ఫాస్ట్‌ట్రాక్ లాంటి ఏర్పాటు మన నియమాన్ని దాటవేస్తుంది, ఆపేయండి. ఫైబర్ మీద ఐపీవీ6 ఉంటే ఆ రాకపోకలు పాతదారినే పోతాయి, దానికీ నియమం రాయండి, లేదా ఆ గదికి తీసేయండి. మూడోది డీఎన్ఎస్. పేర్లు వెతికేది రౌటరే అయితే ఆ ప్రశ్న ఫైబర్ మీదే వెళుతుంది. ఫైబర్ తెగినప్పుడు గదిలో నెట్ ఉన్నా పేజీ తెరుచుకోదు. ఆ గదికి 8.8.8.8 లాంటిది నేరుగా ఇవ్వండి.

చివరిగా ఫైబర్ తీగ పీకి చూడండి, గదిలో క్లాసు ఆగకూడదు. పరీక్షరోజు కాదు, ముందురోజే చూడండి. 2007 జూన్‌లో గోను తుఫాను వచ్చినప్పుడు మస్కట్‌లో చాలాచోట్ల కరెంటు పోయింది. కరెంటు లేకపోతే రెండు దారులూ మూతే, కాబట్టి పెట్టెలకు చిన్న యూపీఎస్ ఉంటే మంచిది.

ఒక్క మాట. రెండు కనెక్షన్లకూ ఒమన్ నిబంధనలు ఒక్కటే. ఇది రద్దీ పంచే పద్ధతేగాని ఆంక్షలు దాటే ఉపాయం కాదు.