మడిచిన బ్యాండ్‌సా బ్లేడు ఎందుకు ఎగురుతుంది? ఎట్లా మడవాలి, ఎక్కడ పెట్టాలి?



నా ఎడమ చేతి మీద పొడుగు మచ్చ ఉంది కదా. దాన్ని చూసి ఎనిమిదో తరగతి వాళ్ళు ఎలుగుబంటి గీకిందా అని అడుగుతున్నారు. ఒక అక్క అయితే ఇంట్లో కొట్టారా అని చాటుకు పిలిచి అడిగింది. ఎలుగు కాదు, ఎవరూ కొట్టలేదు. అది బ్యాండ్‌సా బ్లేడు చేసిన గాయం. ఒక్కొక్కరికి చెప్పీ చెప్పీ నాకు విసుగు వచ్చింది. కావున అందరికీ కలిపి గోడ పత్రికలో రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళల్లో మామలు, బాబాయిలు వడ్రంగి పని చేస్తారు. వాళ్ళ పాకలో కూడా ఈ బ్లేడు మేకుకు వేలాడుతూ ఉండవచ్చు.

మా మామ ఇంటి పక్క రేకుల షెడ్డులో తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాడు. అక్కడ ఒక బ్యాండ్‌సా మిషన్ ఉంది. (అడవి చెట్లు కోసే సామిల్లు కాదు, వార్డెన్ మేడం గారూ. డిపో నుంచి రశీదుతో తెచ్చిన చెక్కే కోస్తాడు.) ఈ మిషన్‌కు పైన ఒక చక్రం, కింద ఒక చక్రం ఉంటాయి. ఆ రెంటి చుట్టూ పళ్ళు ఉన్న సన్నని ఉక్కు పట్టీ తిరుగుతుంది. దానికి మొదలూ చివరా లేవు. రెండు కొసలు కలిపి వెల్డింగు చేసి ఉంటుంది. మామూలు రంపం ముందుకు వెనక్కు పోవాలి, ఇది ఒకే వైపు తిరుగుతూనే కోస్తుంది.

ఈ మిషన్ ఆలోచనకు 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో విలియం న్యూబెరీ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. కాని ఆ రోజుల్లో పట్టీ కొసలు గట్టిగా అతికేవి కావు, అతుకు దగ్గరే తెగిపోయేవి. 1846లో ఫ్రాన్సు దేశపు స్త్రీ ఆన్ పోలిన్ క్రెపిన్ తెగకుండా అతికే పద్ధతి కనిపెట్టింది. ఆ తర్వాతే ఈ మిషన్ పనికి వచ్చింది. ఈ సంగతి చెప్తే మామ నమ్మలేదు. "ఆడమనిషా?" అని రెండుసార్లు అడిగాడు.

ఇప్పుడు నా సంగతి. పోయిన సంక్రాంతి సెలవులు అయిపోయి హాస్టలుకు వచ్చే రోజు. నా ట్రంకు పెట్టె గొళ్ళెం ఊడిపోయింది. కట్టడానికి తాడు కావాలి. షెడ్డులో తలుపు వెనక మేకుకు చుట్టగా ఏదో వేలాడుతోంది, దానికి మంచి సుతిలి కట్టి ఉంది. పాత ఇనుప చుట్టే కదా అనుకున్నాను. మిషన్‌కు లేదు, కరెంటు లేదు, కదలటం లేదు. చుట్టను తీసి ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పాను. ముడి జారిందో లేదో చుట్ట మొత్తం ఒక్కసారిగా తెరుచుకుంది. కోడి రెక్కలు కొట్టినట్టు చప్పుడు వచ్చింది. నా చేయి మణికట్టు నుంచి పైకి చీరుకుపోయింది. నా వెనక మా తమ్ముడు నిలబడి ఉన్నాడు, వాడు ఉన్నట్టే నాకు తెలియదు. వాడికి కనుబొమ్మ మీద తెగింది. ఇంకొక అంగుళం కిందికి వస్తే కన్నే.

నాకు ఏడు కుట్లు, వాడికి రెండు. అమ్మ నన్ను ఏమీ అనలేదు. వాళ్ళ తమ్ముడిని, అంటే మామను, నానా మాటలు అన్నది. రెండు నెలలు వాళ్ళిద్దరికీ మాటలు లేవు. వేసవి సెలవులకు పోయినప్పుడు అమ్మ నన్ను షెడ్డు గడప తొక్కవద్దు అన్నది. మామ మాత్రం "కోడలా, దూరం పెడ్తే నీకు తెలియకుండానే పోతది. రా, చూడు" అని పిలిచి అంతా చూపించాడు. అమ్మ గడప దగ్గర నిలబడి చూసింది, ఆపలేదు.

బ్లేడు ఎందుకు ఎగిరిందో మా క్లాసు సైన్సు పుస్తకంలోనే ఉంది. వంచిన వస్తువులో స్థితిశక్తి దాగి ఉంటుందని చదివి పరీక్షలో రాశాను. మార్కులు కూడా వచ్చాయి. కాని తలుపు వెనక వేలాడేది అదే అని నాకు తట్టలేదు. మన తాతల విల్లు గుర్తు చేసుకోండి. వెదురును వంచి నారి కడతారు. నారి ఉన్నంతసేపు విల్లు ఊరికే ఉంటుంది. నారి తెగిందంటే వెదురు మళ్ళీ నిటారు కావడానికి తన్నుతుంది. బ్లేడు కూడా అట్లాంటిదే. దాన్ని మడవడానికి మామ ఎంత బలం పెట్టాడో ఆ బలం దానిలోనే ఉంది. నేను విప్పిన సుతిలి, విల్లుకు నారి లాంటిది. వెదురుకు పళ్ళు లేవు, దీనికి ఉన్నాయి, అంతే తేడా.

అయితే మడవకుండా అట్లాగే పెట్టుకోవచ్చు కదా అని నేను అడిగాను. మామ లెక్క కట్టమన్నాడు. చక్రం అడ్డకొలత 18 అంగుళాలు, అంటే చుట్టుకొలత సుమారు 56న్నర అంగుళాలు. బ్లేడు పై చక్రానికి సగం, కింది చక్రానికి సగం చుట్టుకుంటుంది, రెండూ కలిపితే ఒక చుట్టు. చక్రాల మధ్య దూరం 40 అంగుళాలు, అది రెండు పక్కలా కాబట్టి 80. మొత్తం 136న్నర అంగుళాలు, అనగా 11 అడుగుల 4న్నర అంగుళాలు. అంత పెద్ద పళ్ళ వలయం గోడకు వేలాడితే మనుషులు తిరగలేరు. మూడు చుట్లుగా మడిస్తే ఒక్కో చుట్టు 45న్నర అంగుళాలు, దాని అడ్డకొలత 14న్నర. మన మెస్సు పళ్ళెం కంటె కొంచెం పెద్దది.

రెండు చుట్లు కాకుండా మూడే ఎందుకు అంటే, రెండు చుట్లు చేస్తే బ్లేడులో ఒక మెలి మిగిలిపోతుంది. అది చదునుగా పడుకోదు, లేస్తూనే ఉంటుంది. మూడు చేస్తే మెలి పోయి చుట్లు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి.

మడిచే ముందు మామ చేసే పనులు ఇవి. మొదట మిషన్ ఆపి ప్లగ్గు పీకేస్తాడు, స్విచ్చి ఒక్కటే ఆపి ఊరుకోడు. పై చక్రానికి ఉన్న బిగింపు పిడి తిప్పి బ్లేడును వదులు చేస్తాడు. కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా, తోలు గ్లౌజులు, బూట్లు. గ్లౌజులు బ్లేడు మోసేటప్పుడే, మిషన్ తిరిగేటప్పుడు వేసుకోకూడదు. తిరిగే బ్లేడు గ్లౌజును పట్టుకుంటే చేతిని కూడా లాక్కుంటుంది. నాకు ఇది తలకిందులుగా అనిపించింది, కాని ఆలోచిస్తే నిజమే.

తర్వాత బ్లేడును వెలుతురులో పెట్టి పళ్ళ మధ్య గుంటలను, వెల్డింగు అతుకును చూస్తాడు. సన్నని వెంట్రుక లాంటి గీత కనపడితే అది పగులు. పగిలిన బ్లేడును మడవకూడదు, వంచేటప్పుడు అక్కడే పుటుక్కున విరిగి కొస ఎగురుతుంది. టేకు, మద్ది కోసిన తర్వాత జిగురు, పొట్టు పళ్ళకు అంటుకుని ఉంటాయి. కిరసనాయిలు గుడ్డతో పళ్ళు పోయే దిక్కునే తుడుస్తాడు, ఎదురు తుడిస్తే గుడ్డ చిక్కుకుంటుంది. ఆ గుడ్డను పొయ్యి దగ్గరకు తీసుకుపోకూడదు.

ఇక మడవటం. వలయాన్ని నిటారుగా మన ముందు నిలబెట్టాలి, పళ్ళు మనకు అవతలి వైపు ఉండాలి. కింద గోనె సంచి పరిచి, వలయం అడుగును బూటు కాలితో అదిమి పట్టాలి. రెండు చేతులతో రెండు పక్కలా నడిమికి పట్టుకోవాలి. పై వంపును మనకు దూరంగా ముందుకు వంచుతూ నేల వైపు దించాలి. అప్పుడు బ్లేడు రెండు పక్కలా రెండు చెవులు లాగా ఉబ్బుతుంది. ఇక్కడే భయం వేస్తుంది, ఇక్కడే వదలకూడదు. ఆ రెండు చెవులను దగ్గరికి తెచ్చి, కుడి చేతి చెవిని ఎడమ చేతి చెవి మీదుగా దాటించాలి. దాటిందంటే బ్లేడు తనంతట తానే మూడు చుట్లు పడుతుంది. మనం లాగనక్కర లేదు, దాని వెంట చేతులు పోనిస్తే చాలు. బలం పెట్టి నొక్కితే బ్లేడు సొట్ట పడుతుంది, సొట్ట పడిన బ్లేడు మళ్ళీ తిన్నగా కోయదు. మామ దీన్ని నాలుగు సెకండ్లలో చేస్తాడు. ముప్పావు అంగుళం వెడల్పు బ్లేడు కాబట్టి ఒక్కడే చేయగలడు. పెద్ద సామిల్లుల్లో జానెడు దాకా వెడల్పు బ్లేడ్లు ఉంటాయి, అవి ఒక్క మనిషి పని కాదు.

కట్టటం దగ్గరే మా ఇంట్లో తప్పు జరిగింది. ఒక్క సుతిలి, ఒక్క చోట, జారుముడి. ఇప్పుడు మామ మూడు చోట్ల ఇనుప బైండింగ్ వైరుతో కడతాడు, స్లాబు పనిలో చువ్వలు కట్టే మెత్తని తీగ. ఒకటి ఊడినా రెండు పట్టుకుంటాయి. సుతిలిని ఎలుక కొరుకుతుంది. సైకిలు ట్యూబు రబ్బరు కొందరు వాడుతారు, అది ఎండలకు బీటలు వారి చెప్పకుండా తెగుతుంది. పైగా పిల్లలకు రబ్బరు, సుతిలి కనపడితే కావాలి. ఇనుప తీగ ఎవరికీ అక్కరలేదు. (ఈ మాట మామ నన్ను చూసే అన్నాడు.)

పెట్టే చోటు కూడా మార్చాడు. తలుపు వెనక కాదు, ఎందుకంటే తలుపు తోసినప్పుడల్లా తగులుతుంది. మేకు సన్నగా ఉంటుంది కాబట్టి బరువంతా ఒక్క చోటే పడుతుంది, అందుకని గోడకు లావు కర్ర కొయ్య కొట్టాడు. పెద్దవాళ్ళ చేయి అందే ఎత్తు, తమ్ముడికి స్టూలు వేసినా అందదు. పళ్ళకు పాత గోనె పట్టీ చుట్టి, ఆ వైపు గోడకు పెడతాడు. ఒక కొయ్యకు ఒక్కటే బ్లేడు, ఎందుకంటే ఒకదానికొకటి రాసుకుంటే పళ్ళు మొండి అవుతాయి. మన ఏజెన్సీ వానలకు మూడు రోజుల్లో తుప్పు పడుతుంది కదా, అందుకని పలచగా మిషన్ ఆయిలు రాస్తాడు. మట్టి నేల మీద, తడి గోడ మీద అసలు పెట్టడు. ప్రతి బ్లేడు పక్కన గోడ మీద సుద్దతో "కొత్తది", "సాన పెట్టాలి" అని రాయటం నా పని అయింది. మామ చదువుకోలేదు. అందుకని "సాన పెట్టాలి" పక్కన ఆకురాయి బొమ్మ కూడా వేశాను.

విప్పటం మడవటం కంటె ప్రమాదం అని నాకు తెలుసు. షెడ్డులో విప్పకూడదు, వాకిట్లోకి తేవాలి. ముందు వెనక్కి తిరిగి చూడాలి, పిల్లలు, కోళ్ళు, కుక్కలు ఎవరూ ఉండకూడదు. చుట్లు మూడింటినీ కలిపి ఒక చేత్తో బిగించి, చేయి చాపి ఒంటికి దూరంగా పట్టుకోవాలి. తీగలు పటకారుతో ఒక్కొక్కటి కత్తిరించాలి, కాని పట్టు మాత్రం వదలకూడదు. అన్నీ తెగినాక రెండో చేత్తో ఒక చుట్టును పట్టుకుని, మిగతావి నెమ్మదిగా తెరుచుకోనివ్వాలి. ఒళ్ళో పెట్టుకుని విప్పటం, నోటితో ముడి పీకటం ఎవరూ చేయవద్దు. తెరిచినాక ఒక్కోసారి బ్లేడు లోపలి వైపు బయటికి వచ్చి ఉంటుంది. అప్పుడు మిషన్‌కు ఎక్కిస్తే పళ్ళు పైకి చూస్తాయి. కోసే చోట పళ్ళు కిందికి, బల్ల వైపుకు ఉండాలి. గాజులు తిరగేసినట్టు కాదు, మొత్తం వలయాన్ని చొక్కా లాగా లోపలిది బయటికి తిప్పాలి.

పాడైన బ్లేడు ముక్కలు మన ఊళ్ళల్లో ఊరికే పోవు. గుడ్డ చుట్టి సొరబుర్రలు కోయడానికి వాడతారు, కత్తులు చేసుకుంటారు. కాని పారేసిన చుట్టను కట్టి ఉండగానే పెంటలో వేయకూడదు. అది ఆవుకో, చెత్త ఏరే పిల్లకో తగులుతుంది. విప్పి, పెద్దవాళ్ళు ముక్కలు చేసి పాత ఇనుము వాడికి వేయాలి.

ఎవరికైనా తెగితే, నాకు ముందు మా ఇంట్లో కాఫీ పొడి పెట్టారు. ఏ.ఎన్.ఎం. అక్క దాన్నంతా కడగడానికి చాలాసేపు పట్టింది, కుట్ల కంటె అదే ఎక్కువ నొప్పి. పొడి, పసుపు, కిరసనాయిలు ఏవీ వద్దన్నది. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చేతిని గుండె కంటె ఎత్తుగా పట్టి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ధనుర్వాతం ఇంజక్షను అడగాలి.

చెవులు దాటించే పద్ధతి చదివితే అర్థం కాదని నాకు తెలుసు, నాకూ చూస్తేనే తెలిసింది. బ్లేడుతో ఎవరూ నేర్చుకోవద్దు. మనకు పుస్తకాల కట్టలకు వచ్చే గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది కదా, దాన్ని ఆరడుగులు తీసుకుని కొసలు దారంతో కుట్టాను. ఒక అంచుకు పళ్ళకు గుర్తుగా ఎర్ర సిరా రాశాను. వార్డెన్ మేడం గారు ఒప్పుకున్నారు. ఆదివారం స్నానాలు, బట్టలు ఉతకటం అయినాక వరండాలో చూపిస్తాను. పట్టీ ఒక్కటే ఉంది, వరసలో రావాలి. ఎర్ర సిరా చేతికి అంటితే బ్లేడు మిమ్మల్ని కోసినట్టే లెక్క.

— 9వ తరగతి విద్యార్థిని