సంఘ కార్యాలయమున విద్యార్థుల శిక్షణ

వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల గ్రామములనుండి బి.కాం., బి.బి.ఏ. మున్నగు చదువులు చదువుచున్న రైతుబిడ్డలు నేడు పెక్కండ్రు గలరు. ప్రత్తియు మిరపయు అమ్మిన సొమ్ముతోనే వారి కళాశాల జీతములు చెల్లుచున్నవి. మన రాష్ట్రమున 2020-21వ విద్యా సంవత్సరమున చేరినవారు మొదలుకొని డిగ్రీ విద్యార్థులకు మొత్తము పది నెలల ఇంటర్న్‌షిప్ విధింపబడినది. మొదటి వేసవిలో రెండు నెలలు గ్రామసేవ, రెండవ వేసవిలో రెండు నెలలు ఏదేనొక సంస్థలో పని, పిమ్మట ఒక అర్ధ సంవత్సరము పూర్తిగా పనిలోనే గడపుట దీని క్రమము. వడ్రంగి కొట్టమున కుర్రవాడు ఉలి పట్టి పని నేర్చినట్లు, వ్యాపారము చదువువాడు వ్యాపారశాలలో కూర్చుండి నేర్వవలెనని దీని భావము.

భావము మంచిదే. ఆచరణ యెట్లున్నదో తలిదండ్రులు విచారింపవలసియున్నది. మేమెరిగిన యొక యువకుడు పట్టణములో రెండు నెలలు గది అద్దెకు తీసికొని యుండి, ఒక కార్యాలయమున కాగితములకు నకళ్లు తీయుట తప్ప వేరొక పని నేర్వలేదు. మరియొకడు ఆ మాత్రమును కూర్చుండలేదు. యోగ్యతాపత్రము మాత్రము చేతికి వచ్చినది. ఖర్చు తండ్రిది, కాలము కుమారునిది, రెండును పోయినవి.

వ్యాపారమనగా విజయవాడలోనే యుండునని మనవారు తలంతురు. మన ఊరి పరపతి సంఘము మాత్రము వ్యాపారసంస్థ కాదా? ఇందు డిపాజిట్లు గలవు, ఋణములు గలవు, ఎరువుల క్రయవిక్రయములు గలవు, పాలకవర్గమును, సర్వసభ్య సమావేశమును, ఏటేట లెక్కల తనిఖీయు గలవు. పుస్తకములో చదివిన చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ యన్నియు ఒక్క గదిలో కానవచ్చును. పెద్ద సంస్థలో విద్యార్థికి చక్రమందలి ఒక్క ఆకు మాత్రమే కనబడును. ఇచట బండి యంతయు కనబడును. గుజరాతులోని ఆనందునందు వర్గీస్ కురియన్ 1979లో స్థాపించిన గ్రామీణ యాజమాన్య విద్యాసంస్థ తన విద్యార్థులను గ్రామములకు పంపి, రైతుల నడుమ నివసింపజేసి యాజమాన్యము బోధించెను. జాతీయ సహకార అభివృద్ధి సంస్థవారును 2020లో ‘సహకార్ మిత్ర’ యను పేర వేతనముతో కూడిన శిక్షణను ప్రారంభించిరి.

ఇక సంఘమునకు వచ్చిన విద్యార్థికి ఏ పని యీయవలెను? దినమునకొక చిల్లర పని చెప్పుటకంటె, మొదలు తుద గల ఒక్క పనిని పూర్తిగా అప్పగించుట మేలని మా యభిప్రాయము. ఉదాహరణమునకు వడ్డీ సంగతి. కిసాన్ క్రెడిట్ కార్డు క్రింద 3 లక్షల రూపాయల వరకు ఇచ్చు స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ సంవత్సరమునకు నూటికి 7 రూపాయలు. గడువులోపల తీర్చిన రైతునకు కేంద్ర ప్రభుత్వము నూటికి 3 రూపాయలు తగ్గించును గనుక నికరముగ పడునది 4 రూపాయలే. 2025-26వ సంవత్సరమునకును ఈ పద్ధతి కొనసాగింపబడినది. లక్ష రూపాయలు తెచ్చుకొన్నవాడు ఏడాదికి 4,000 రూపాయలతో బయటపడవలసినది, గడువు దప్పినచో 7,000 చెల్లింపవలెను. ఈ 3,000 రూపాయలు నేటి ధరకు పదునొకండు బస్తాల యూరియా వెల. అంతటితో పోక గడువు మీరిన బాకీపై వడ్డీ మరింత హెచ్చును.

గడువు ఏల దప్పును? రైతు పంట అమ్మిన దినమునుండి లెక్కించుకొనును. సంఘము ఋణమిచ్చిన దినమునుండి లెక్కించును. ఆవర్జాలో పద్దులు సభ్యుల వరుసనుండును గాని గడువుల వరుసనుండవు. విద్యార్థి వీనిని తేదీల వరుసగా తిరుగవ్రాసి, రాబోవు రెండు నెలలలో గడువు వచ్చు సభ్యుల పట్టీ సిద్ధపరచి, కార్యదర్శి యనుమతితో ఒక్కొక్క యింటికి పోయి తెలుపవలెను. కంప్యూటరు ఈ పట్టీని క్షణములో ఇచ్చును గదా యని కొందరందురు. ఇచ్చును, గడపయెక్కి చెప్పదు. ఇంటికి పోయినప్పుడు గదా, ఒకని మిరప మంచి ధరకై శీతల గిడ్డంగిలో నిలిచియున్నదనియు, ఒకని సొమ్ము కమీషను వ్యాపారివద్ద చిక్కుకొన్నదనియు, ఒకడు ఆ సొమ్మును ఆసుపత్రికి కట్టెననియు తెలియును. ఆస్తి యుండియు చేత రొక్కము లేకుండుట యెట్లో ఆ విద్యార్థికి ఇక ఏ గురువును బోధింపనక్కరలేదు.

ఇట్టి పనులు మరికొన్ని గలవు. గిడ్డంగిలోని ఎరువుల బస్తాలను లెక్కించి, ఈ-పాస్ యంత్రమునందలి నిలువతోను నిలువ పుస్తకముతోను సరిపోల్చుట యొకటి. ప్రత్తి మాట మరియొకటి. 2025-26లో పొడవు పింజ ప్రత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ నూటికి 8 దాటినచో ఒక్కొక్క శాతమునకు ధరలో ఒక్కొక్క శాతము తగ్గించిరి, 12 దాటినచో కొననేలేదు. తేమ 12 ఉన్న క్వింటాలుకు 324 రూపాయలకు పైగా నష్టము. రెండు దినములు కళ్లమున ఆరబెట్టుటకగు కూలి యెంత, దానివలన మిగులునదెంత యని విద్యార్థి లెక్కకట్టి చూపిన, రైతు వినును.

ఒక్క విషయమున మాత్రము గట్టి కట్టుబాటుండవలెను. విద్యార్థి ఈ ఊరి బిడ్డయే యగుటచే, ఆవర్జా తెరచినంతనే ఇరుగుపొరుగువారి బాకీలన్నియు కంటబడును. ఎవరి కుమార్తె పెండ్లికి ఎంత అప్పు చేసిరో రచ్చబండ నెక్కినయెడల సంఘముపై నమ్మకము ఒక్క దినమున నశించును. కావున మొదటి దినముననే పాలకవర్గమువారు అతనిచే రహస్యము కాపాడుదునని వ్రాత తీసికొనవలెను. కళాశాలకిచ్చు నివేదికలో సభ్యుల పేర్లు వ్రాయక, అంకెలు మాత్రమే వ్రాయవలెను. ఆడపిల్లలు వచ్చినప్పుడు ఇండ్లకు ఒంటరిగా పంపక తోడు నేర్పాటు చేయుట కార్యదర్శి బాధ్యత.

విద్యార్థికిని కొంత చెప్పవలసియున్నది. అడుగనిదే ఎవరును చూపరు. తెలియని పద్దును తెలిసినట్లు దాటిపోక, దినమునకొక ప్రశ్నయైన వ్రాసికొని సాయంకాలము కార్యదర్శి నడుగవలెను. కార్యదర్శి విసుగుకొనవచ్చును, ఎరువుల అదనులో తప్పక విసుగుకొనును. అప్పుడు మరునాడడుగవలెను. యోగ్యతాపత్రమున ‘తృప్తికరముగ పనిచేసెను’ అను మాట చాలదు. ఎన్ని పద్దులు సరిచూచెనో, ఎందరి గడువులు తెలిపెనో, వారిలో ఎందరు గడువులోపల చెల్లించిరో వ్రాయించుకొనవలెను. రేపు ఉద్యోగమిచ్చువాడు అడుగునది అదియే.

ఈ వేసవిలో శిక్షణకు రాదలచినవారు కళాశాలవారి ఉత్తరముతో తమ గ్రామ సంఘ కార్యదర్శిని పరీక్షలకు పూర్వమే కలిసికొనుట మంచిది. కార్యదర్శులు వారికి మొదటి దినమున గడచిన యేటి తనిఖీ నివేదికను చదువనిచ్చి, కూర్చుండుటకు ఒక కుర్చీ నీయగోరుచున్నాము.